ఎరవు వెలుగు

మా యొద్ద పూర్వము చదివిన విద్యార్థి యొకడు ఇప్పుడు ఫైబరు సామానులు చేయు కర్మశాలలో పనిచేయుచున్నాడు. నీటితొట్లు, తలుపులు, చేపలవారి పడవలకు కావలసిన మూతలు మొదలైనవి అచ్చులలో వేసి తీయుట ఆతని వృత్తి. మొన్న వేసవి సెలవులలో ఆతడు మా యింటికి వచ్చి, సంచిలోనుండి జానెడేసి పలకలు రెండు తీసి బల్లపై పెట్టి, "మాస్టారూ, ఒక్కసారి తలుపులు వేయించండి" అనెను. తలుపులును కిటికీలును మూసితిమి. ఒక పలక పలుచని మబ్బుచాటు వెన్నెలవలె లేతపచ్చగా వెలుగుచుండెను. రెండవది బల్లపై నున్నదో లేదో తెలియక చేతితో తడిమి చూడవలసి వచ్చెను.

మొదటిది గాజునూలు గుడ్డతో చేసినది. రెండవది బొగ్గునూలు గుడ్డతో, అనగా ఇప్పుడు కార్బన్ ఫైబర్ అని యెల్లరు పిలుచుచున్న దానితో చేసినది. రెండింటిలోను ఒకే డబ్బాలోని పొడిని ఒకే తూకమున ఒకే రెసినులో కలిపినట్లు ఆతడు చెప్పెను. "పొడి కల్తీదైతే రెండూ వెలగకూడదు గదండీ, ఒకటే ఎందుకు వెలిగింది?" అనునది ఆతని మొదటి ప్రశ్న. రెండవ ప్రశ్నను కొంత జంకుచు అడిగెను. ఆ డబ్బాను వాని తల్లి యింటిలో పెట్టనీయలేదట. "అది రేడియం పొడి, కాన్సరు వస్తుంది, బయట పారెయ్యి అంటోందండీ మా అమ్మ. నిజమేనా?"

కుమారుని ప్రశ్నకన్న తల్లి ప్రశ్నయే పెద్దదని మాకు తోచినది. దానికి ఔననుటకు గాని కాదనుటకు గాని నాలుగువందల యేండ్ల చరిత్ర కావలెను. ఆనాడు తోచినంత చెప్పితిమి. తక్కినది గ్రంథములు తిరుగవేసి యిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా రేడియమను మాటను గూర్చి ఒక ముక్క. మన పట్టణములలో బండ్లపై అక్షరములు కత్తిరించి అంటించు దుకాణమును రేడియం దుకాణమందురు. చీకటిలో ముల్లు కనబడు గడియారము రేడియం గడియారము. పిల్లలు పండుకొను గదిలో పైకప్పున కంటించు చుక్కలు రేడియం చుక్కలు. నేడు బజారున అమ్ముచున్న ఈ వస్తువులలో రేడియము లేదు. బండ్లపై నంటించు కాగితమైతే తాను వెలుగనే వెలుగదు. తనపై బడిన దీపకాంతిని వచ్చిన త్రోవనే త్రిప్పి పంపును, అంతియే. ఒక లోహము తన పని చాలించి వెడలిపోయిన తరువాత గూడ దాని పేరు మన నాలుకపై నిలిచియున్నది. ఆ పేరు వెంట భయమును నిలిచియున్నది.

చీకటిలో వెలుగు వస్తువుల ముచ్చట మన పూర్వులకు క్రొత్తది గాదు. కాళిదాసు హిమవంతమును వర్ణించుచు, రాత్రులయందు వెలుగు ఓషధులను నూనె యక్కఱలేని దీపములుగా చెప్పియున్నాడు. మిణుగురు పురుగు నెఱుగని పల్లె లేదు. కుళ్ళిన మ్రానులపై కొన్ని జాతుల శిలీంధ్రములు వానకాలమున వెలుగుచుండును. వానిని చూచి కొరివిదయ్యమని పరుగెత్తినవారును కలరు. అయితే మిణుగురు వెలుగును శిలీంధ్రపు వెలుగును వాని సొంత సంపాదన. దేహమునందు పుట్టిన ఒకానొక పదార్థము ప్రాణవాయువుతో కూడగా ఆ కాంతి కలుగును. మా బల్లపైనున్న పలకది యట్టిది గాదు. అది వెలుతురులో నున్నంతసేపు ఎరవు తెచ్చుకొని చీకటిలో తీర్చుకొను వెలుగు. ఈ భేదము తెలియుటకు మనుష్యులకు చాల కాలము పట్టినది.

ఇటలీ దేశమున బొలోనా నగరమునందు విన్‌చెంజో కషరోలో అను నొకడు చెప్పులు కుట్టి జీవించుచు తీరిక వేళల రసవాదము సాగించుచుండెను. 1602–03 ప్రాంతమున ఆతనికి నగర సమీపమునందలి పాదెర్నో కొండపై తన పరిమాణమునకు మించిన బరువుగల రాళ్లు కొన్ని దొరకెను. బరువున్నచో బంగారముండునని ఆతని యాశ. బొగ్గులతో చేర్చి కొలిమిలో కాల్చెను. బంగారము రాలేదు, కాని కాలిన రాయిని పగటి వెలుతురున నుంచి చీకటి గదిలోనికి తెచ్చినచో అది వేడిలేని నిప్పుకణికవలె వెలిగెను. కొంతసేపటికి ఆఱిపోయెను. మఱల వెలుతురు చూపగా మఱల వెలిగెను.

చెప్పులు కుట్టువాడు కనుగొన్న దానిపై పండితులు నలువదేండ్లపాటు వాదించిరి. వెలుగును పీల్చు స్పంజి యని కొందఱు, సూర్యశిల యని కొందఱు దానికి పేర్లు పెట్టిరి. 1640లో ఫొర్తూనియో లిచేతి యను పండితుడు ఈ రాతిపై నొక గ్రంథమునే రచించి, అందు చంద్రునిగూడ లాగెను. విదియనాటి చంద్రవంక నడుమ చీకటిభాగము మసకమసకగా కనబడుట మనమెఱిగినదే. చంద్రుడును బొలోనా రాతివంటివాడే, సూర్యుని వెలుగు పీల్చి నిలువచేసికొని వెలిగించుచున్నాడని ఆతని మతము. గెలీలియో అప్పటికి రెండు కన్నులును పోగొట్టుకొని గృహనిర్బంధములో నుండెను. అయినను ఊరకుండక, ఆ మసక వెలుగు భూమిపై బడిన సూర్యకాంతి చంద్రునిపైకి ప్రతిఫలించుటవలన కలిగినదని, తాను 1610లోనే చెప్పినమాటను సమర్థించుచు పెద్ద లేఖ వ్రాయించెను. కన్నులున్నవాడు తప్పుచూచిన దానిని కన్నులు లేనివాడు సరిదిద్దెను.

ఆ రాతిలో నేమున్నదో తరువాతి రసాయనశాస్త్రము చెప్పినది. అది బేరియము గంధకితపు ఖనిజము. బొగ్గుతో కాల్చినప్పుడు అందలి ప్రాణవాయువు తొలగి బేరియము సల్ఫైడుగా మాఱును. కాని శుద్ధమైన సల్ఫైడు ఇట్లు వెలుగదు. 1768లో ఇంగ్లండున జాన్ కాంటన్ ఆలిచిప్పలను గంధకముతో కాల్చి వెలుగు పొడిని చేసెను. 1866లో ఫ్రాన్సున సీదో యనునతడు జింకు సల్ఫైడును వెలిగించెను. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో జర్మనీలో ఫిలిప్ లెనార్డు శోధించి, ఇట్టి పొడులలో రాగి, బిస్మతు, మాంగనీసు వంటి పరలోహము లేశమాత్రమైన కలిసియుండనిదే అవి చక్కగా వెలుగవని చూపెను. పదివేలలో ఒకపాలు రాగి చాలును. బొలోనా రాతియందలి రహస్యముగూడ రాగి లేశమే యని 2012లో ప్రకటితమైన ఒక పరిశోధనము తేల్చినది. కషరోలో రాళ్లయందు ఆ రాగి దైవికముగా నుండబట్టి ఆతని పేరు నిలిచినది. నిర్మలతనే గుణముగా పొగడుట కలవాటుపడిన మాకు ఈ మలినముయొక్క ప్రయోజనము చదివినప్పుడు నవ్వు వచ్చినది.

ఈ వెలుగు నిలుచు తీరును మా విద్యార్థికి ఇట్లు చెప్పితిమి. కాంతి తగిలినప్పుడు స్ఫటికములోని ఎలక్ట్రాను మెట్టుపైకెక్కును. సాధారణ పదార్థములలో అది వెంటనే దిగివచ్చును. ఇట్టి పొడులలో దారిలో చిన్న చిన్న గుంటలుండును. దిగివచ్చు ఎలక్ట్రాను వానిలో పడి చిక్కుకొనును. గదియందలి వేడి వానిని ఒక్కొక్కటిగా కుదిపి బయటికి త్రోయును. త్రోసినప్పుడెల్ల ఒక్కొక్క కాంతికణము వెలువడును. కావున పలకను వేడిచేసినచో మిక్కిలిగ వెలిగి త్వరగా ఆఱును. మంచులో పెట్టినచో వెలుగు మందగించి ఎక్కువసేపు దాగియుండును. గాదెలో పోసినంతయే కొలుచుకొనవలెను, పోయనిది రాదు.

గాదెకు పోయకయే కొలుచుకొను ఉపాయము లేదా యని మనుష్యుడు వెదకుచునే యుండెను. 1896లో పారిసు నగరమున హెన్రీ బెక్వెరెల్, ఇట్టి వెలుగు పదార్థములనుండి క్రొత్తగా కనుగొన్న ఎక్స్ కిరణములు వచ్చునేమో యని, యురేనియము లవణములను ఎండలో నుంచి ఫోటోపలకలపై పరీక్షించుచుండెను. ఎండ రాని దినములలో లవణమును పలకతో గూడ సొరుగున పడవేసెను. తీసి చూడగా ఎండ తగులకున్నను పలక నల్లబడియుండెను. యురేనియము ఎరవు తెచ్చుకొన్నది కాదు. తనలోనుండి తానే వెలార్చుచున్నది. రెండేండ్లకు, 1898లో, క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. దానిలో లేశమును జింకు సల్ఫైడుతో కలిపినచో, రేడియపు కిరణములు రాత్రింబవళ్లు ఆ పొడిని కొట్టుచుండగా ఎండతో పనిలేక వెలుగుచునే యుండును. లోకము మురిసిపోయినది.

తల్లి భయము పుట్టినచోటు ఇదియే.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజ్ పట్టణమునందు, 1917లో, రేడియపు రంగుతో గడియారపు ముఖములు వ్రాయు కర్మశాల తెఱువబడెను. ఆ కంపెనీ తరువాత యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ అను పేరు వహించెను. యుద్ధమునందలి సైనికులకు చీకటిలో వేళ తెలియవలెను గనుక గిరాకి యెక్కువ. వ్రాయువారందఱు పడుచుపిల్లలు; పలువురు ఇరువదేండ్లైన నిండనివారు. అంకెలు సన్నగా వ్రాయవలెను; కుంచె మొన విచ్చుకొనును; దానిని పెదవులనడుమ నుంచి మొనచేసి, రంగులో ముంచి, వ్రాసి, మఱల పెదవులనడుమ నుంచవలెను. పని నేర్పినవారు అట్లే చేయుమని నేర్పిరి. హాని కలుగునా యని అడిగినవారికి ఏమియు కాదని చెప్పిరి. వేడుకకు కొందఱు ఆ రంగును గోళ్లకు పూసికొనిరి, పండ్లకు పూసికొని చీకటిలో నవ్విరి. ఇంటికి బోవునప్పుడు జుట్టును బట్టలును వెలుగుచుండెడివట. అదే సంస్థలోని రసాయనశాస్త్రజ్ఞులు మాత్రము రేడియమును ముట్టుటకు పటకారులను, సీసపు తెరలను వాడుచుండిరి.

రేడియము దేహమునకు సున్నమువలె కనబడును. సున్నమునకు చోటు ఎముకలు. రేడియమును అక్కడికే చేరును, చేరి లోపలనుండి కొట్టుచుండును. పండ్లు ఊడెను, దవడయెముకలు తునుకలై వచ్చెను, కాళ్లు కుఱుచయ్యెను. 1922లో మాలీ మాగియా యను యువతి మరణింపగా మరణకారణము సుఖవ్యాధి యని వ్రాసిరి. అయిదేండ్ల తరువాత ఆమె శరీరమును వెలికితీసి పరీక్షింపగా ఎముకలలో రేడియము కనబడినది గాని ఆ వ్యాధి జాడ లేదు. చచ్చినవారిపై నింద వేయుట ఎంత సులభము! హార్వర్డునుండి వచ్చి పరీక్షించిన డ్రింకర్ అను వైద్యాచార్యుడు, కారణము రేడియమే యని 1924లో నివేదిక నిచ్చెను. సంస్థవారు దానిని తొక్కిపెట్టి, తమకనుకూలముగా మార్చిన ప్రతిని రాష్ట్రపు కార్మికశాఖకు పంపిరి. మఱుసటి యేట ఆ జిల్లా వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లాండ్ తన పరీక్షల ఫలితములను ప్రకటించిన తరువాత గాని నిజము దాగకపోలేదు.

గ్రేస్ ఫ్రయర్ అను నామె తన పక్షమున వాదించు న్యాయవాదికై రెండేండ్లు తిరిగెను. 1927లో దావా వేసినవారు ఆమెతో అయిదుగురు. 1928 జనవరిలో న్యాయస్థానమునకు వచ్చునప్పటికి వారిలో కొందఱికి ప్రమాణము చేయుటకు చేయి యెత్తు శక్తియైనను లేదు. ఆ జూను మాసమున రాజీ కుదిరెను: ఒక్కొక్కరికి పదివేల డాలర్లు, బ్రతికినన్నాళ్లు ఏటికి ఆఱువందలు, వైద్యపు ఖర్చు. ఆ రంగును కల్పించిన వాన్ సొకాకీ తానును రేడియమునకే బలియై ఆ యేటనే మరణించెను. ఇలినాయి రాష్ట్రపు ఒటావా పట్టణమున ఇదే పనిచేసిన స్త్రీలు తమ న్యాయమునకై ఇంకొక పదేండ్లు పోరాడవలసివచ్చెను.

ఆ కన్యల యెముకలే తరువాతివారికి కొలబద్ద యైనవి. 1941లో అమెరికాలో మనుష్యదేహమునందు ఎంత రేడియమువఱకు ఓర్వవచ్చునో హద్దు నిర్ణయించినప్పుడు, మైక్రోక్యూరీలో పదవవంతు అను నా హద్దునకు ఆధారము వీరి దేహములను పరీక్షించి తెలిసికొన్న లెక్కలే.

ఇందు మఱియొక చిత్రము కలదు. రేడియము సగమగుటకు పదునాఱువందల యేండ్లు పట్టును. కాని దాని దెబ్బలు తిని తిని జింకు సల్ఫైడు కొలది యేండ్లలోనే చెడును. కావున పాత గడియారమున వెలుగు చచ్చును, విషము చావదు. ఎవరి యింటనైనను తాతలనాటి రేడియము గడియారమున్నచో అది వెలుగుట లేదని పిల్లల కాడుకొన నిచ్చుటగాని, గీకి శుభ్రపఱచుటగాని చేయరాదు.

మన డబ్బాలోని పొడి వేఱు. అది 1993లో జపానున నెమోటో సంస్థ కనుగొన్నది. స్ట్రాన్షియము అల్యూమినేటు దాని పేరు. అందు యూరోపియము, డిస్ప్రోసియము అను రెండు లోహముల లేశములు చేర్తురు. మొదటిది వెలుగునిచ్చును, రెండవది గుంటలను లోతుచేయునని చెప్పుదురు. రేడియోధార్మికత లేదు. పాత జింకు సల్ఫైడు పొడికంటె సుమారు పదింతలు ప్రకాశముగను పదింతలు కాలమును వెలుగును. రేడియముతో నిమిత్తము లేక రాత్రి తెల్లవాఱులు కంటికానునంత వెలుగు దీనితోనే సాధ్యమైనది. అమెరికాలో న్యూయార్కు నగరమునందు 2004లో చేసిన చట్టము, ఎత్తైన కార్యాలయ భవనముల మెట్లదారులలో ఎరవు వెలుగు గుర్తులుండవలెనని విధించినది. దీపములాఱి పొగ క్రమ్మినప్పుడు మెట్టు అంచు కనబడుట ప్రాణముతో సమానమని 2001 నాటి యుపద్రవము వారికి నేర్పినది. అందుచే, ఇంటిలో పెట్టుట కాదు గాని మింగుట పనికిరాదని, తల్లికి చెప్పుమంటిమి. ఈ డబ్బాకు రేడియము పాపము అంటదు.

ఇక కుమారుని ప్రశ్న. గాజునూలు 1932లో ఓవెన్స్–ఇలినాయి కర్మశాలలో డేల్ క్లీస్ట్ అను యువకుడు వేఱొక పని చేయుచుండగా, కరగిన గాజుపై గాలి విసరి తగిలి సన్నని పోగులై చెదరుటచే చౌకగా చేయు దారి దొరకినది. బొగ్గునూలు అంతకంటె పాతది. 1879లో ఎడిసన్ దీపములో వెలిగించిన తీగ నూలుపోగును కాల్చి చేసిన బొగ్గే. అది బలమైన నూలగుటకు మాత్రము 1958లో అమెరికాలో రోజర్ బేకన్, తరువాత జపానున అకియో షిండో, 1963 ప్రాంతమున ఇంగ్లండున ఫార్న్‌బరోవారు పాటుపడవలసివచ్చెను. దీపము వెలిగించుటకు పుట్టిన నూలు ఇప్పుడు వెలుగును మ్రింగుచున్నది.

గాజు గుడ్డ మల్లెపూవువలె తెల్లనిది. రెసిను పీల్చినంతనే తెలుపు మాయమై అద్దమువలె తేటపడుట ఈ పనివారందఱు ఎఱిగినదే. కాంతి గాజులో వంగునంతయే ఇంచుమించు రెసినులోను వంగును గనుక, రెంటి నడుమ సరిహద్దు దానికి తెలియదు. అందుచే లోపలి పొరలలోని పొడికిని వెలుతురు చేరును, అక్కడి వెలుగును బయటికి వచ్చును. బొగ్గునూలు వచ్చు వెలుతురును పోవు వెలుగును గూడ పీల్చివేయును. పోగుల నడుమ చిక్కిన పొడికి పగలు అన్నము లేదు, రాత్రి నోరు లేదు. అందుపై ఆ పొడి నీటికన్న మూడున్నర రెట్లు బరువు. రెసిను నీటికన్న కొంచెమే యెక్కువ. పలక గట్టిపడులోపల చాలభాగము అడుగునకు దిగి యుండును. పొడి కల్తీ లేదు, చోటు తప్పు.

బొగ్గునూలు పలక తప్పక కావలసినచో దానిపై ముందు తెల్లని పూత వేసి, దానిపై పొడి కలిపిన తేటరెసినుతో పలుచని గాజు గుడ్డ పొర వేయుమంటిమి. తెల్లని పూత వెనుకకు పోవు వెలుగును ముందునకు త్రిప్పును. "అప్పుడు వెలిగేది గాజే కదండీ, కార్బనుకు పేరేమిటి?" అని ఆతడు నవ్వెను. నిజమే. ఎండకు చెడకుండ పూతలలో కలుపు మందులు పొడికి కావలసిన అతినీలలోహిత కిరణములనుగూడ ఆపును. అట్టి పూత పైన వేయరాదని కూడ చెప్పితిమి.

అంతలో మాకు మఱియొక సందేహము కలిగినది. ఆ పొడిని రెసినులో కలుపునప్పుడును, పలక అంచులను రాపాడునప్పుడును నోటికి ముక్కునకు ఏమైన కట్టుకొందువా యని అడిగితిమి. రేడియము లేకున్నను గాజునూలు ధూళియు, ఖనిజపు పొడియు, రెసిను ఆవిరియు ఊపిరితిత్తులకు మేలుచేయునవి గావు. "మా దగ్గర ఎవరూ కట్టుకోరండీ. ఉక్క" అనెను. డబ్బాపై నేమి వ్రాసియున్నదో చూపుమంటిమి. పేరును వెలయు మాత్రమే యున్నవి. అందలి పదార్థములేవో, కూడనిదేమో తెలుపు కాగితము అమ్మినవాడు ఈయవలెను. ఈతనికి ఈయలేదు, ఈతని యజమాని అడుగలేదు.

ఆ కాగితము పంపుమని అమ్మినవారికి ఇంగ్లీషులో ఒక యుత్తరము మేమే వ్రాసి, ఆతని సంతకముతో పంపించితిమి. రెండు నెలలైనది. సమాధానమింకను రాలేదు. ఈలోపల ఆతడు ముసుగులు పది కొని, తానొకటి కట్టుకొని, తక్కినవి తోడివారికి పంచినాడట. నలుగురు కట్టుకొనుచున్నారట.